అట్టమీది గీతలు, పాటలోని అంకెలు

ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య అక్కడక్కడా సీడీలు కూడా కనిపిస్తుంటాయి. కొన్నేళ్ల కిందట అక్కడ రెండు సీడీలు బేరమాడి తెచ్చుకున్నాను. రెండింటి అట్టమీదా ఘంటసాల బొమ్మే. పేరు కూడా ఇంచుమించు ఒకటే: ఆణిముత్యాలు. ఇంటికొచ్చి వింటే మొదటిదాంట్లో 16 పాటలూ ఆయన పాడినవే. రెండోదాంట్లోనూ దాదాపు ఆ పాటలే ఉన్నాయి, గొంతు మాత్రం వేరే ఎవరిదో. పాడినాయన తప్పు పాడలేదు పాపం, చక్కగానే పాడాడు. కానీ నేను డబ్బిచ్చింది ఆయన కోసం కాదు. అట్టను తిరగేసి దీపం కింద పెట్టి చూస్తే ఓ మూల ఆ గాయకుడి పేరు ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

మొదటి సీడీది ఇంకో తమాషా. దాన్ని కంప్యూటర్‌లో పెట్టగానే ఇంటర్నెట్‌లో వెతికి మరీ ఏదో జర్మన్ డాన్సు పాటల ఆల్బమ్ పేరు చూపించింది. ఒకటో పాట దగ్గర నోరు తిరగని పేరు, నొక్కితే ఘంటసాల!

సినిమా ఆల్బమ్‌కి సినిమా పేరుంటుంది. గాయకుడి సొంత ఆల్బమ్‌కి ఆయన పేరుంటుంది. నలుగురి పాటలు నాలుగు చోట్ల నుంచి ఏరి కూర్చిన సంకలనానికి మాత్రం ఊరూ పేరూ సరిగ్గా ఉండవు. హిట్స్, సూపర్ హిట్స్, మధుర గీతాలు, ఆణిముత్యాలు అంటూ ఆ నాలుగు మాటల్నే అందరూ వాడుకుంటారు. మరి ఏ సంకలనం ఏదో తేల్చేది ఏమిటి? అట్ట వెనక బార్‌కోడ్ ఉందిగా అంటారు కొందరు. ప్రతి పాటకీ ఓ రికార్డింగ్ కోడ్ ఉంటుంది, అది చూడాలి అంటారు ఇంకొందరు. ఇద్దరూ చెప్పేది సగం సగమే.

ముందు బార్‌కోడ్ సంగతి. మోర్స్ కోడ్ తెలిసిన నార్మన్ వుడ్‌లాండ్ మయామీ బీచ్‌లో ఇసుక మీద వేళ్లతో గీతలు లాగుతుండగా తట్టిన ఊహ అది. ఆయనకూ బెర్నార్డ్ సిల్వర్‌కూ 1952లో పేటెంటు వచ్చింది. దుకాణంలోకి రావడానికి మరో ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ ఊళ్లో ఓ సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద స్కానర్ మొదటిసారి కిర్రుమంది. అంటే ఇది పచారీ కొట్టు కోసం పుట్టిన సరుకు. పాటల కోసం ఎవరూ కనిపెట్టలేదు. రికార్డుల అట్టలమీదకి 1970ల చివర్లో ఎక్కింది, సబ్బుకీ బిస్కట్‌కీ ఎక్కినట్టే. ఈ పుట్టుక గుర్తుపెట్టుకుంటే తర్వాతి చిక్కులు సగం అర్థమవుతాయి. బార్‌కోడ్‌కి తెలిసింది డబ్బా. డబ్బాలో ఏముందో దానికి అనవసరం.

అమెరికాలో ఇది 12 అంకెలు. 1977లో యూరప్ వాళ్లు 13 చేశారు. 12 అంకెలదాని ముందు ఓ సున్నా పెడితే 13 అంకెలది అవుతుంది, అంతే తేడా. మన దేశంలో నమోదైన సంస్థలకు 890తో మొదలయ్యే సంఖ్యలిస్తారు. 890 ఉంది కాబట్టి ఇది మన దేశంలో తయారైంది అనుకుంటారు చాలామంది. కాదు. ఆ సంఖ్యను ఇక్కడి సంస్థ జారీ చేసిందని మాత్రమే దానర్థం.

ఒక నిజమైన బార్‌కోడ్ చూద్దాం. బీటిల్స్ బృందం పాటల్లో అమెరికాలోనో బ్రిటన్‌లోనో మొదటి స్థానానికి చేరిన 27 పాటల్ని కూర్చి 2000లో '1' అనే సంకలనం తెచ్చారు. ఆ సీడీ అట్ట వెనక ఉన్న సంఖ్య 7243 5 29325 2 8. చివరి 8 సరిచూసే అంకె. మిగతా పదకొండులో మొదటి నుంచి ఒకటి విడిచి ఒకటి తీసుకుని కూడితే 7, 4, 5, 9, 2, 2 కలిపి 29. దాన్ని మూడింతలు చేస్తే 87. విడిచిపెట్టినవి 2, 3, 2, 3, 5 కలిపి 15. రెండూ కలిపితే 102. పైనున్న పదికి, అంటే 110కి, ఇంకా 8 తక్కువ. ఆ 8ని తెచ్చి చివర కూర్చోబెట్టారు. స్కానర్ ఏ అంకెనైనా తప్పు చదివితే ఈ లెక్క తప్పుతుంది, వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ 8కి ముందున్న 2ని చూడండి. అది సీడీ అని చెప్పే అంకె. ఇదే సంకలనం ఎల్‌పీ రికార్డు మీది సంఖ్య 7243 5 29325 1 1. అమెరికా రికార్డు కంపెనీల్లో ఎల్‌పీకి 1, సీడీకి 2, క్యాసెట్‌కి 4 అనే అలవాటుండేది. అంటే పాటలు అవే, వరస అదే, బొమ్మ అదే. అయినా బార్‌కోడ్ దృష్టిలో ఇవి వేర్వేరు సరుకులు, ఎందుకంటే కొట్లో వేర్వేరు అరల్లో, వేర్వేరు ధరలకు అమ్ముడుపోతాయి. 2015లో ఆ పాటల్ని జైల్స్ మార్టిన్ మళ్లీ మిక్స్ చేయగా అదే పేరుతో అదే సంకలనం ఇంకోసారి వచ్చింది. పేరు, బొమ్మ చూసి కొన్నవాడికి ఏది పాత మిక్సో, ఏది కొత్తదో తెలియదు. అంకెలు చూసినవాడికి తెలుస్తుంది. పాత సీడీలు అమ్మేవాళ్లను కొనేవాళ్లు ముందు బార్‌కోడ్ అడిగేది ఇందుకే.

పేరు ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి 'నౌ దట్స్ వాట్ ఐ కాల్ మ్యూజిక్' కంటే మంచి ఉదాహరణ దొరకదు. (పంది ఒకటి కోడిపెట్ట పాట వింటున్నట్టు గీసిన పాత డెన్మార్క్ బేకన్ పోస్టరు మీద ఈ వాక్యం ఉండేది. దాన్నే పేరుగా పెట్టుకున్నారు.) బ్రిటన్‌లో వర్జిన్, ఈఎంఐ కంపెనీలు 1983 చివర్లో మొదలుపెట్టాయి. మొదటిదాంట్లో 30 పాటలు. 2018లో నూరో సంపుటం వచ్చింది. అమెరికాలో ఇదే పేరుతో 1998లో మళ్లీ ఒకటో సంపుటం నుంచి మొదలుపెట్టారు. కాబట్టి 'నౌ' అయిదో సంపుటం కావాలని అడిగితే ఏ దేశపు అయిదు అని ఎదురు ప్రశ్న వస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి సంకలనాలు ఆల్బమ్‌ల పట్టికను ఎంతగా ఆక్రమించాయంటే, 1989 జనవరి నుంచి వాటికి వేరే పట్టిక పెట్టి పక్కకు తప్పించారు. పంక్తిలో మిగతావాళ్లకూ చోటుండాలి కదా.

బార్‌కోడ్ పట్టికల్నే మార్చేసిందన్నది ఇంకో ముచ్చట. 1991 దాకా అమెరికాలో ఏ ఆల్బమ్ ఎంత అమ్ముడైందంటే దుకాణాలకు ఫోన్ చేసి అడిగేవాళ్లు. దుకాణదారు ఏం చెబితే అదే లెక్క. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ అనే సంస్థ గల్లాపెట్టె దగ్గర స్కాన్ అయిన బార్‌కోడ్‌లను లెక్కగట్టడం మొదలుపెట్టింది. మే 25 సంచిక నుంచి బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్‌ల పట్టిక ఆ లెక్కమీదే నడిచింది. నెల తిరగకుండానే ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానంలో కూర్చుంది. కంట్రీ పాటలకీ ర్యాప్‌కీ అసలు ఎంతమంది కొనుగోలుదారులున్నారో అప్పటికి గానీ బయటపడలేదు. గీతలు అబద్ధం చెప్పవు. అయితే వాటిని ఎంతసేపు అడిగినా అమ్మిన డబ్బాల లెక్కే చెబుతాయి.

డబ్బాలోపలి పాట సంగతి చూసేది ఐఎస్‌ఆర్‌సీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక రికార్డింగ్ కోడ్. 1986లో ప్రమాణంగా వచ్చింది. ప్రపంచస్థాయిలో దీన్ని నడిపేది రికార్డు కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ, మన దేశంలో ఇచ్చేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంఘం. మొత్తం 12 స్థానాలు. ఊరికే ఊహించి రాస్తే ఇలా ఉంటుంది: ఐఎన్-ఏబీసీ-24-00017. మొదటి రెండు అక్షరాలు దేశానివి, తర్వాతి మూడు కోడ్ ఇచ్చే కంపెనీవి, ఆపై రెండంకెలు సంవత్సరానివి, చివరి అయిదు ఆ ఏడాది వరస సంఖ్య. 2019లో ప్రమాణం సవరించినప్పటి నుంచి మొదటి అయిదు స్థానాల్నీ కలిపి ఒకే ముక్కగా చూడమంటున్నారు. అందులో దేశాన్ని వెతకొద్దని దానర్థం.

సంవత్సరాన్ని చూసి కూడా మోసపోవద్దు. అది పాట పుట్టిన ఏడాది కాదు, కోడ్ వేసిన ఏడాది. 1957లో పాడిన పాటకు కంపెనీవాళ్లు డిజిటల్ చేసినప్పుడు కోడ్ వేస్తే అందులో 05 అనో 08 అనో ఉంటుంది. కొన్ని కంపెనీలు నియమాన్ని పక్కనపెట్టి పాత పాటలకు పాత సంవత్సరాన్నే వేశాయి. దాంతో కోడ్ చూసి పాట వయసు చెప్పడం చేయి చూసి జాతకం చెప్పినట్టే అయింది.

సంకలనాల విషయంలో ఐఎస్‌ఆర్‌సీ గొప్పతనమంతా ఒక్క నియమంలో ఉంది: ఒక రికార్డింగుకి ఒకసారి ఇచ్చిన కోడ్ చచ్చేదాకా దాన్ని వదలదు. ఆ రికార్డింగు వంద సంకలనాల్లోకి వెళ్లినా, కంపెనీ చేతులు మారినా, క్యాసెట్ నుంచి సీడీకీ సీడీ నుంచి ఫోన్‌కీ ఎక్కినా అదే కోడ్. మళ్లీ మిక్స్ చేస్తే కొత్త కోడ్. మళ్లీ పాడితే కొత్త కోడ్. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను ఒక్కొక్కటే మళ్లీ పాడి విడుదల చేసింది చూడండి, పాట అదే, గొంతు అదే, రికార్డింగు వేరు కాబట్టి కోడ్ వేరు. పాటలన్నీ కలిపి ఆగకుండా పోనిచ్చే నాన్‌స్టాప్ మిక్సుల్లోనూ ఒక్కో ముక్క కొత్త రికార్డింగు కిందికే వస్తుంది.

ఇక్కడే నా రెండు ఆణిముత్యాల సీడీల చిక్కు విడిపోతుంది. ఘంటసాల పాడిన రికార్డింగుకి ఒక కోడ్, ఆ పాటనే వేరేవాళ్లు పాడినదానికి ఇంకో కోడ్. పాట రాసి కట్టిన రచన మాత్రం ఒకటే. దానికి మూడో సంఖ్య ఉంది, ఐఎస్‌డబ్ల్యూసీ అంటారు. ఇది టీ అక్షరంతో మొదలవుతుంది. మొట్టమొదటిది 1995లో అబ్బా బృందం 'డాన్సింగ్ క్వీన్'కి ఇచ్చారు. మన మిస్సమ్మ 1955లో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది కదా. రెండు భాషల్లో పాడినవి రెండు రికార్డింగులు, కాబట్టి రికార్డింగ్ కోడ్‌లు వేరు. మాటలు మారాయి గనుక రచనగానూ విడిగా నమోదు కావాల్సినవే.

మన దేశంలో ఈ 'వేరే గొంతు' వ్యాపారం పెద్ద కథ. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటుండేది. రచయితకూ స్వరకర్తకూ చెందాల్సింది చెల్లించి నోటీసిస్తే, వచ్చిన పాటను మరొకరిచేత పాడించి అమ్ముకోవచ్చు. క్యాసెట్ల కాలంలో దీని ఆసరాతో పాత పాటల క్యాసెట్లు కుప్పలుగా వచ్చాయి. 2012లో చట్టాన్ని సవరించి 31సీ సెక్షన్ తెచ్చారు. అసలు రికార్డింగు వచ్చిన అయిదేళ్ల దాకా ఇలా పాడించకూడదు. అట్ట మీద అసలు గాయకుడి పేరుగానీ బొమ్మగానీ ఉండకూడదు. కొనేవాణ్ని తికమకపెట్టకూడదు. ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి. నా రెండో సీడీ ఈ సవరణ కంటే ముందుదే అయ్యుండాలి. కాకపోతే ఆ బొమ్మకు అక్కడ పని లేదు.

మరి ఈ కోడ్‌లు సీడీలో ఎక్కడుంటాయి? సీడీ సెకనుకు 75 ముక్కలుగా చదువుకుంటుంది. ప్రతి ముక్కతోపాటు పాటకు సంబంధం లేని చిన్న సమాచారం నడుస్తుంటుంది. ఎన్నో పాట, ఎన్నో నిమిషం అని ప్లేయర్ గాజు మీద చూపించే అంకెలు అక్కడివే. ఆ దారిలోనే ఐఎస్‌ఆర్‌సీ ఎక్కించాలనుకుంటే ప్రతి 100 ముక్కలకు ఒక్కసారైనా రావాలి. అంటే సెకనున్నరలోపే పాట తన పేరు తాను చెప్పుకుంటుంది, మనకు వినపడదు అంతే. డిస్కు మొత్తానికి 13 అంకెల బార్‌కోడ్ సంఖ్యకూ అక్కడే చోటుంది. ఎంత చక్కటి ఏర్పాటు! కానీ తప్పనిసరి కాదు. నా దగ్గరున్న తెలుగు సంకలనాల్లో ఓ పాతిక దాకా ఇలా చదివించి చూశాను. సగానికి పైగా డిస్కుల్లో ఆ చోటు ఖాళీ. కొన్నింట్లో అన్నీ సున్నాలు. డిస్కును వాలుగా పట్టుకుని మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దం లాంటి పట్టీని చూస్తే ఐఎఫ్‌పీఐ అనే సన్నటి అక్షరాలు కనిపించొచ్చు. దొంగ సీడీల్ని పట్టుకోవడానికి 1994లో మొదలైన గుర్తు అది. అచ్చువేసిన ఫ్యాక్టరీ ఏదో చెబుతుంది, పాట ఏదో చెప్పదు.

లోపల ఏమీ రాసి లేదు కాబట్టే కంప్యూటర్లు వేరే దారి పట్టాయి. 1990ల్లో టి కాన్, స్టీవ్ షెర్ఫ్ తయారుచేసిన సీడీడీబీ పద్ధతి ఇది. డిస్కులో ఏ పాట ఏ క్షణంలో మొదలవుతుందో కొలిచి ఒక చిన్న సంఖ్య కడుతుంది. ఇంతకుముందు అదే సంఖ్య వచ్చిన డిస్కుకు ఎవరైనా పేర్లు టైపు చేసి ఉంటే అవి తెచ్చి చూపిస్తుంది. మనిషిని కాకుండా అతని అడుగుల కొలత చూసి పేరు పెట్టడమన్నమాట. ఇద్దరి అడుగు ఒకే కొలత ఉండొచ్చు. ఘంటసాలకీ జర్మనీకీ చుట్టరికం కలిసింది అలాగే.

తెలుగు పాటకు ఇంకో సొంత ఇబ్బంది ఉంది. ఈ ఏర్పాట్లన్నీ గాయకుడు-ఆల్బమ్ అనే జంటను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మనకు సినిమా ఆల్బమే ఓ సంకలనం: ఒక పాట సుశీల, ఇంకోటి ఘంటసాల, మూడోది ఇద్దరూ కలిసి. 'ఇది సంకలనం' అనే గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయారా, ఒక్క సినిమా ఆరు ఆల్బమ్‌లుగా విడిపోయి ఫోన్ నిండా చెల్లాచెదరవుతుంది. పైగా మనవాళ్లు పాటను వెతికేది గాయకుడి పేరుతో కాదు, సినిమా పేరుతో. సినిమా పేర్లేమో తిరిగొస్తుంటాయి. మల్లీశ్వరి 1951లో ఒకటి, 2004లో ఒకటి. మాయాబజార్ 1957లోనూ 2006లోనూ. దేవదాసులైతే 1953లో, 1974లో, 2006లో. ఇక 'ఎన్టీఆర్ హిట్స్', 'ఏఎన్నార్ హిట్స్' అనే సంకలనాలున్నాయి. ఏ హీరో బొమ్మ అట్టమీదుందో ఆయన గొంతు లోపల ఒక్క పాటలోనూ వినపడదు. మన శ్రోతకు ఇందులో వింతేమీ లేదు, తెర మీద పెదవులు కదిపింది ఆయనే కదా. ముఖ్య కళాకారుడు ఎవరు అని గడి నింపమనే యంత్రానికి మాత్రం ఇది అంతుపట్టదు. ఇంగ్లీషు అక్షరాల్లో బాలసుబ్రహ్మణ్యం గారి పేరును ఎంతమంది ఎన్నిరకాలుగా రాశారో చూస్తే కోడ్‌ల మీద గౌరవం పెరుగుతుంది. అంకెలకు స్పెల్లింగ్ తప్పులు రావు.

ఇప్పుడు డబ్బాలే లేవు. అయినా బార్‌కోడ్ పోలేదు. ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి ఆల్బమ్‌కీ ఆ సంఖ్య అడుగుతారు, గీతలు లేని బార్‌కోడ్ అన్నమాట. పది సంకలనాల్లో ఉన్న ఒకే పాట కోడ్ ఒకటే అయితే విన్నవాళ్ల లెక్కంతా ఒకచోట చేరుతుంది. సంకలనం వేసిన కంపెనీ అసలు కోడ్ కనుక్కునే ఓపిక లేక కొత్తది తగిలిస్తే లెక్క చీలుతుంది, దాని వెంట డబ్బూ చీలుతుంది. నన్నడిగితే బద్ధకంతో జరిగే తప్పుల్లో ఇదే ఖరీదైనది.

ఇంత చెప్పుకున్నాక కూడా నాకో సంగతి కొరుకుడు పడదు. డబ్బాకు సంఖ్య ఉంది, పాడినదానికి ఉంది, రాసినదానికి ఉంది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలి, ఏది తీసుకోవాలి, ఏది వదలాలి అని కూర్చుని ఏరినవాడి పనికి మాత్రం ఈ ప్రమాణాల్లో ఎక్కడా సంఖ్య లేదు. సంకలనం అంటే అసలు అదే కదా. క్యాసెట్, సీడీ, డౌన్‌లోడ్ మూడూ ఒకే కూర్పు అని చెప్పే తీగ ఏ కోడ్‌లోనూ లేదు. ఆ లోటు కొంత తీర్చింది ఔత్సాహికులే. 2000లో మొదలైన మ్యూజిక్‌బ్రెయిన్జ్ డేటాబేసులో విడివిడి విడుదలలన్నిటినీ కలిపి ఒక కట్టగా చూపించే పద్ధతి పెట్టారు, ఆ కట్టకు విడిగా ఓ గుర్తింపు ఇచ్చారు. అదే ఏడాది పుట్టిన డిస్కాగ్స్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది. జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని అట్టలు చూసి టైపు చేసేవాళ్లు నింపుతున్నారు వీటిని. తెలుగు సంకలనాలు వాటిల్లో నేను వెతికినంతలో తక్కువే.

మా ఊళ్లో బస్టాండ్ ఎదురుగా ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. కాగితం మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చేవాడు. మా నాన్న రాసిచ్చిన జాబితా ప్రకారం ఎక్కించిన 90 నిమిషాల క్యాసెట్ ఒకటి ఇంకా నా దగ్గరుంది. ఆ కొట్టతను నాన్న వరసను ఉన్నదున్నట్టు పాటించలేదు. విషాద గీతాలు మూడు వరసగా వస్తున్నాయని మధ్యలో ఒక హుషారు పాట తనంతట తానే చేర్చాడు, డబ్బు తీసుకోలేదు. లోపలి కార్డు మీద అతని గుండ్రటి చేతిరాతలో ఏ వైపు పన్నెండు, బి వైపు పదమూడు పాటల పేర్లున్నాయి. తాను చేర్చిన పాట పక్కన చిన్న చుక్క పెట్టాడు. ఏ వైపు చివరి పాట రెండో చరణంలో టేపు అయిపోతుంది.